మాటలెక్కువైన రోజు

ఆ బ్యాంకులో ఆమెను అందరూ సైలెంట్ మేడం అనేవారు. ఆ పేరు పెట్టింది క్యాషియరు. ఆయన నోరు మూతపడేది నోట్లు లెక్కపెట్టేటప్పుడే. మిగతా సమయమంతా ఎవరో ఒకరికి ఏదో ఒక పేరు తగిలిస్తూనే ఉంటాడు. "మా మేడం నోట్లోంచి మాట రావాలంటే చెక్కు రాసివ్వాలండీ. అది కూడా వెంటనే పాసవదు" అని కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళకు చెప్పేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

అలాంటి మనిషికి బ్యాంకు అప్పగించిన పని, జనాన్ని ప్రశ్నలడగడం.

పని మాటల్లో చెప్పాలంటే తేలికే. ఎవరి ఖాతాలోనైనా వాళ్ళ సంపాదనకు పొంతన లేని డబ్బు వచ్చిపోతూ ఉంటే, ఆ ఖాతా పక్కన కంప్యూటరు ఎర్రగీత చూపిస్తుంది. దాని సంగతేమిటో ఆమె కనుక్కోవాలి. సమాధానం సబబుగా ఉంటే గీత చెరిపెయ్యాలి. లేకపోతే పైఆఫీసుకు రాయాలి. ఎక్కడో ఎవరినో ముంచి సంపాదించిన డబ్బు శుభ్రంగా స్నానం చేసి, తల దువ్వుకుని, పెద్దమనిషిలా బ్యాంకు గుమ్మం దాటి పోకుండా చూడడమన్నమాట.

అడగవలసిన ప్రశ్నలు పైఆఫీసే అచ్చేసి పంపింది. మొదటి ప్రశ్న "మీ నిధుల మూలం ఏమిటి?" ఆమె చేరిన కొత్తలో, లారీ అమ్మిన డబ్బు జమ చెయ్యడానికి వచ్చిన ఒక పెద్దాయన్ని తలెత్తకుండా అదే అడిగింది.

"మీ మూలం గురించి చెప్పాలండీ."

ఆయన అటూ ఇటూ చూసి, ముందుకు వంగి, గొంతు తగ్గించాడు. "నాకా బాధ లేదమ్మా. మా ఆవిడకుంది. కూర్చోలేదు పాపం. ఏదో ఆకుమందు వాడుతోంది. దానిక్కూడా బ్యాంకువాళ్ళు ఏమైనా ఇస్తారా?"

క్యాషియరు తన గదికి లోపల గడియ వేసుకుని మరీ నవ్వాడు. ఆ తర్వాత ఆమె మళ్ళీ మూలం జోలికి పోలేదు.

మిగతా బ్రాంచీల్లో ఈ పని చేసేవాళ్ళు "ఈ డబ్బు ఎక్కడిది?" అని సూటిగా అడిగేస్తారట. ఆమెకు అది చేతకాలేదు. చిన్నప్పుడు బళ్ళో పక్కపిల్ల ఇచ్చిన ఎర్రపెన్సిలు పట్టుకుని ఇంటికి వెళితే, అమ్మ గరిటె చేత్తో పట్టుకునే "ఎక్కడిదే ఇది?" అంది. ఆ మాట అడగడానికి అన్నది కాదు. తీర్పు చెప్పడానికి అన్నది. పెన్సిలు ఎలా వచ్చిందో చెప్పేలోపే వీపు మీద గరిటె పడింది. ఇప్పటికీ "ఎక్కడిది" అనే మాట చెవిన పడితే ఆమె వీపు దానంతటదే గట్టిపడుతుంది. అందుకని ఆమె చుట్టుదారి వెతుక్కుంది. మనుషుల్ని అడగడానికి బదులు కాగితాలు అడిగేది. రసీదులు, అమ్మకం పత్రాలు తెప్పించుకుని, వాటితోనే మాట్లాడుకునేది. చాలాసార్లు పని జరిగిపోయేది.

టైలరు పిన్ని ఖాతా పక్కన ఎర్రగీత పడేవరకూ.

టైలరు పిన్ని కొట్టు బ్యాంకు వెనక సందులో ఉంది. రెండు కుట్టుమిషన్లు, ఒక కిటికీ, గోడకు నిలువుటద్దం, నేల నిండా దారపు ముక్కలు. ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో సగం మంది ఒంటి మీద బట్టలు పిన్ని కుట్టినవే. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక చంటిపిల్లాడైన తమ్ముణ్ణి చంకనేసుకుని ఈ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ తమ్ముడికి ఇప్పుడు బొజ్జ కూడా వచ్చింది గానీ పిన్నికి వాడింకా చిన్నోడే. సందులో అందరికీ కూడా చిన్నోడే.

పిన్ని ఖాతాలో ఏళ్ళ తరబడి కుట్టుకూలి తప్ప మరేమీ పడలేదు. ఈ మధ్య మాత్రం ఎక్కడెక్కడి వాళ్ళో, ఎవరికి ఎవరూ ఏమీ కానివాళ్ళు, పెద్ద పెద్ద మొత్తాలు వేస్తున్నారు. పడిన పూటే కార్డు మీద మొత్తం తీసేస్తున్నారు. చొక్కాలు కుట్టించుకున్నవాళ్ళు పంపే డబ్బు అలా ఉండదు. ఆమె ఆ పేజీ వైపు చాలాసేపు చూసింది.

అడుగుదామని కొట్టు దాకా వెళ్ళింది కూడా. గుమ్మంలో చూడగానే పిన్ని "రా అమ్మాయ్, మొహం అలా వాడిపోయిందేం? మంచినీళ్ళు తాగుతావా?" అంది. ఆమె మంచినీళ్ళు తాగి వచ్చేసింది.

మేనేజరు గారు కాగితాలు చూసి పెదవి విరిచారు. "నిజమేనమ్మా, ఇది రాయాల్సిందే" అని సంతకం పెట్టారు. పైఆఫీసుకు నివేదిక వెళ్ళిపోయింది. అప్పుడాయన తలుపు దగ్గరగా వేసి చెప్పారు.

"ఇక మనిద్దరం నోరు కుట్టేసుకోవాలి. ఆవిడ మీద రాశామని ఆవిడకు వాసన కూడా తగలకూడదు. మాటతోనే కాదు, సైగతో చెప్పినా తప్పే. బయటపడితే ఉద్యోగం పోవడంతో ఆగదు, కేసవుతుంది. నీకు చెప్పక్కర్లేదనుకో. నువ్వెలాగూ మాట్లాడవు."

ఆమె తలూపింది. చెల్లెలి చదువూ, ఇంటి ఖర్చూ ఈ ఉద్యోగం మీదే నడుస్తున్నాయి. అంతకన్నా ఎక్కువగా ఆమెను పట్టుకున్నది మరొకటి. పిన్నికి నిజంగా ఏమీ తెలియకపోతే? చెప్పడానికి వీల్లేదు. చెప్పకుండా ఆవిడ కళ్ళలోకి చూడడం ఎలా?

చూడక తప్పని రోజు వెంటనే వచ్చింది. బ్యాంకు ఉద్యోగులందరూ ముదురునీలం కోట్లు వేసుకోవాలని పైఆఫీసు ఎప్పుడో ఆదేశమిచ్చింది. ఆ కోట్లు కుట్టే పని మేనేజరు గారు పిన్నికే అప్పగించి ఉన్నారు. ఇప్పుడు వద్దంటే అనుమానం. ఒక్కరు మానేసినా అనుమానమే. మధ్యాహ్నం భోజనాలయ్యాక క్యాషియరు, ఆమె కొలతలివ్వడానికి బయల్దేరారు.

క్యాషియరు వంతు ముందు అయింది. "నడుమెంతో పైకి చదవకు పిన్నీ. అది బ్యాంకు రహస్యం" అన్నాడు.

"చదవక్కర్లేదు నాయనా, సందులో అందరికీ కనిపిస్తూనే ఉంది" అంది పిన్ని. ఆయన నవ్వుకుంటూ, కౌంటరు తెరిచే వేళయిందని వెళ్ళిపోయాడు.

"ఇక నువ్వు రా అమ్మాయ్. నిటారుగా నిలబడు. చేతులు వదిలెయ్."

పిన్ని మెడలోంచి టేపు తీసింది. అద్దంలో ఆమెకు తన మొహం, దాని వెనక పిన్ని మొహం కనిపించాయి. నోరు మూసుకుని నిలబడితే ఏదో దాస్తున్నట్టు ఉంటుందేమోనని ఒక్కసారిగా భయం పట్టుకుంది. తను ఎప్పుడూ అలాగే నిలబడుతుందన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. ఏదో ఒకటి మాట్లాడాలనుకుంది. మాట్లాడింది.

పొద్దున బస్సు రాలేదని చెప్పింది. వచ్చిన బస్సులో నిలబడ్డానికి చోటు లేదని, ఎవరిదో గొడుగు తన చెప్పులో ఇరుక్కుందని చెప్పింది. ఇంటావిడ పిల్లి ఈనిందని, పిల్లల్ని తీసుకొచ్చి తన బట్టలపెట్టెలో పెట్టిందని చెప్పింది. ఈ ఎండలో కోట్లేమిటి పిన్నీ, మేమంతా ఉడికిపోతామంది. మంచం కింద చీమలు పట్టాయని కూడా చెప్పింది.

పిన్ని ఛాతీ కొలత తీసి, సుద్దముక్కతో అట్ట మీద రాసి, కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది.

"ఏమిటే ఇవాళ? పెళ్ళి కుదిరిందా?"

"అబ్బే, లేదు పిన్నీ."

"ఊరుకో. నేనెన్ని పెళ్ళిబట్టలు కుట్టలేదు! నోట్లో నాలుక లేని పిల్లలు కూడా పెళ్ళి కుదరగానే గలగలా మాట్లాడేస్తారు. అబ్బాయేం చేస్తాడు?"

"ఒట్టు పిన్నీ, అబ్బాయీ లేడు, ఏమీ లేదు. నీళ్ళ పంపు కూడా పాడైంది మా ఇంట్లో."

"నీళ్ళ పంపుకీ పెళ్ళికీ సంబంధమేమిటే!" పిన్ని పకపకా నవ్వి, టేపు ఆమె భుజాల మీద పరిచింది. ఆమెకు కూడా నవ్వొచ్చింది. గండం గడిచినట్టేననుకుంది.

అప్పుడు గుమ్మంలో నీడ పడింది. చిన్నోడు. కాళ్ళకు కొత్త బూట్లు, చేతికొక ఫోను.

"అక్కా, కార్డొకసారి ఇలా ఇవ్వు. పార్టీ వాళ్ళ డబ్బు పడింది" అన్నాడు. తర్వాత ఆమెను చూసి నోరారా నవ్వాడు. "ఓ, బ్యాంకు మేడం గారా! బావున్నారా మేడం? కోటా? మీకు బావుంటుంది."

బావున్నానండీ అనాలి. అంతే. అంతవరకూ బస్సూ పిల్లీ చీమలూ దొర్లిపోయిన నోరు ఒక్కసారిగా ఎండిపోయింది. ఆమె నేల మీద దారపు ముక్కల వైపు చూస్తూ ఉండిపోయింది. టేపు కింద వదులుగా ఉన్న భుజాలు రెండూ పైకి లేచి బిగుసుకున్నాయి. పిన్ని వేళ్ళు ఇంకా ఆ టేపు మీదే ఉన్నాయి. పట్టుకున్న కొలత చేతిలోనే మారిపోయింది.

పిన్ని నవ్వు ఆగింది. అద్దంలో ఆవిడ చూపు ఆమె మొహం మీద నిలిచి, అక్కణ్నించి తమ్ముడి మీదికి మెల్లగా వెళ్ళింది.

"కార్డు ఇంట్లో ఉందిరా. సాయంత్రం చూద్దాం."

"ఇంట్లో ఎందుకుంటుంది? నిన్న ఈ సొరుగులోనే పెట్టావుగా?"

"పెట్టాను, తీసుకెళ్ళాను. నా కార్డు ఎక్కడ పెట్టుకున్నానో నీకు లెక్క చెప్పాలేంట్రా?"

"అబ్బ, ఏమిటక్కా! వాళ్ళక్కడ నా కోసం కాచుకుని..."

"కాచుకోనీ."

చిన్నోడు విసురుగా వెళ్ళిపోయాడు. మిషను సొరుగు కాస్త తెరిచే ఉంది. గుండీల డబ్బా కింద నుంచి కార్డు అంచు కనిపిస్తోంది. పిన్ని దాన్ని మోకాలితో మూసేసింది. టేపు తీసి మళ్ళీ మెడలో వేసుకుంది.

"ఇవాళ్టికి చాల్లే అమ్మాయ్."

"పిన్నీ..."

"నిన్నేమీ అడగను. అడిగితే నువ్వు అబద్ధమాడాలి. అది నీకు రాదు. వెళ్ళు, ఆఫీసుకు వేళవుతోంది."

ఆమె బ్యాంకుకు ఎలా నడిచి వచ్చిందో ఆమెకే తెలియదు. తన బల్ల దగ్గరికి పోకుండా నేరుగా మేనేజరు గారి గదిలోకి వెళ్ళింది.

"సర్, టైలరు పిన్నికి తెలిసిపోయింది. నా వల్లే."

ఆయన కలం కింద పెట్టారు. "ఏం చెప్పావమ్మా?"

"ఏమీ చెప్పలేదు సర్."

"మరి?"

"బస్సు గురించి చెప్పాను. పిల్లి గురించి..."

"పిల్లా?"

"మా ఇంటావిడ పిల్లి సర్. ఈనింది."

మేనేజరు గారి పెదవుల మీదికి నవ్వొచ్చింది. "పిల్లి ఈనిందని చెప్పడం ఏ నిబంధన కింద తప్పో నాకు తెలీదు" అన్నారు.

"నేనెప్పుడూ అంత మాట్లాడను సర్. వాళ్ళ తమ్ముడు రాగానే మాట పడిపోయింది. ఆవిడ చూసింది. కార్డు దాచేసింది."

ఆయన పెదవుల మీది నవ్వు పోయింది. కిటికీ దాకా వెళ్ళి వచ్చి, కుర్చీ వెనక నిలబడ్డారు.

"ఒక్క సంగతి చెప్పు. రాయకముందు ఆవిణ్ణి అడిగావా?"

"కాగితాలు చూశాను సర్."

"ఆవిణ్ణి అడిగావా అంటున్నాను."

"లేదు సర్."

"చెప్పకూడదనే రూలుంది గానీ, అడక్కూడదనే రూలెక్కడా లేదమ్మా. ముందు అడగమనే ఉంది. నువ్వు అడగలేదు. నేనూ అడిగావా అని అడక్కుండా సంతకం పెట్టాను." ఆయన నిట్టూర్చారు. "జరిగింది జరిగినట్టు పైకి రాస్తాను. నీ ఉద్యోగం సంగతి మాత్రం నేను మాటివ్వలేను."

"రాయండి సర్" అంది ఆమె.

మర్నాడు బ్యాంకు తలుపు తీసేసరికి పిన్ని మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. లోపలికి వచ్చి, ఆమె బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అడుగు."

"ఏమిటి పిన్నీ?"

"నన్ను అడగాల్సింది ఏదో ఉంది నీ దగ్గర. చెప్పడానికి నీకు వీల్లేదని నిన్ననే అర్థమైంది. చెప్పొద్దు. అడగొచ్చుగా?"

అద్దాల గదిలోంచి మేనేజరు గారు చూస్తున్నారు. మెల్లగా తలూపారు. ఆమెకు ముందుగా అచ్చు కాగితంలోని మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. తర్వాత అమ్మ మాట వచ్చింది, గరిటెతో సహా. దాన్నీ పక్కకు నెట్టింది.

"మీ ఖాతాలోకి వచ్చే డబ్బు ఎవరిది పిన్నీ?"

అడగడం అంత కష్టమేమీ కాలేదు. తన గొంతు అంత మామూలుగా ఉండడం ఆమెకే ఆశ్చర్యంగా ఉంది.

"నాది కాదు" అంది పిన్ని. "వాడి వ్యాపారం డబ్బనుకున్నాను. వాడి ఖాతాలో ఏదో తిరకాసుందని, కొన్నాళ్ళు నీది వాడుకుంటా అక్కా అంటే కార్డిచ్చాను. అది వాడిదీ కాదట. రాత్రి అడిగాను."

"ఏమన్నాడు?"

"ముందు నవ్వాడు. తర్వాత అరిచాడు. ఫోనులో ఎవరో పరిచయమయ్యారట. ఖాతా అద్దెకిస్తే వచ్చినదాంట్లో ఇంత అని ఇస్తారట. పంపేవాళ్ళెవరో వాడికీ తెలీదు. మోసపోయినవాళ్ళ డబ్బై ఉంటుంది కదా అమ్మాయ్?"

"అయి ఉండొచ్చు పిన్నీ."

పిన్ని కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "చంటిపిల్లాడప్పట్నించీ పెంచాను. కొత్త బూట్లేసుకొచ్చాడు, చూశాను. ఫోను మార్చాడు, చూశాను. ఒక్కనాడు ఎక్కడిదిరా అని అడిగిన పాపాన పోలేదు. అడిగితే దొంగవా అన్నట్టుంటుంది కదా. తల్లి లేనివాణ్ణి ఆ మాటెలా అంటాను? రాత్రి అన్నాను. నన్నంత మాటంటావా అని సంచీ సర్దుకుని పోయాడు. ఫోను మోగడం లేదు."

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. వీపు మీద గరిటె పడ్డదాని మూలంగా తను అడగలేదు. గరిటె ఎత్తడం ఇష్టం లేక పిన్ని అడగలేదు. ఇద్దరూ అడగని ఆ ఖాళీలోంచి, ఎక్కడెక్కడివాళ్ళవో కష్టార్జితాలు దర్జాగా నడిచి వెళ్ళిపోయాయి. మంచినీళ్ళు తాగి వచ్చేసిన రోజునే అడిగి ఉంటే చిన్నోడు తప్పించుకునేవాడు కాదేమో. లేక ఆ రోజే పారిపోయేవాడేమో. అది ఇక ఎవరూ చెప్పలేరు.

పిన్ని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "నేను చెప్పిందంతా రాసుకో. వాడి పేరు కూడా రాయి. నేనే చెప్పానని రాయి."

ఆమె రాసింది. ఏదీ వదల్లేదు, ఏదీ కలపలేదు.

తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. పిన్ని ఖాతాకు తాళం పడింది. పైనుంచి ఇద్దరు వచ్చి పిన్నినీ, ఆమెనూ, మేనేజరు గారినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. పిన్ని తనంత తానుగా వచ్చి చెప్పడం ఆవిణ్ణి కేసులోంచి బయటపడేసింది. తాళం మాత్రం వెంటనే తియ్యలేదు. గుడ్డలు అరువు మీద తెచ్చుకుంటూ పిన్ని మిషను తొక్కింది. చిన్నోడి జాడ తెలియలేదు.

ఆమె ఉద్యోగం పోలేదు. హెచ్చరిక ఉత్తరం వచ్చింది. ఖాతాదారు సమక్షంలో "ప్రవర్తనలో అసాధారణమైన మార్పు" కనబరచినందుకు మందలిస్తున్నామని అందులో ఉంది. క్యాషియరు దాన్ని రెండుసార్లు చదివాడు.

"మేడం, ఇన్నాళ్ళూ మీరు అందరి మీదా ఎర్రగీతలు చూశారు. ఇప్పుడు మీ మీదే పడింది. ఎప్పుడూ రాని మాటలు ఒకేరోజు వచ్చి, ఆ పూటే మొత్తం ఖాళీ అయ్యాయి. ఏ ఖాతాకైనా అనుమానించాల్సిందే కదండీ!"

ఆమె పైకే నవ్వింది. చాలా రోజుల తర్వాత.

కోట్లు వచ్చాయి. అందరివీ సరిగ్గా సరిపోయాయి, క్యాషియరు గుండీ ఒక్కటి తప్ప. ఆమె కోటుకు మాత్రం చేతుల్లేవు. పిన్ని దాన్ని చేత్తో పట్టుకుని స్వయంగా వచ్చింది.

"నీ చేతి కొలత ఆవేళ తియ్యనేలేదు అమ్మాయ్. ఊహించి కుట్టడం నాకు అలవాటు లేదు. లేచి నిలబడు."

ఆమె లేచి నిలబడింది. బ్యాంకులో అప్పుడే రద్దీ తగ్గింది. పిన్ని భుజం దగ్గర టేపు ఆనించి, మోచేతి మీదుగా మణికట్టుకు లాగింది. ఆమె ఎప్పటిలా గుంజలా నిలబడి ఉంది. ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం ఇద్దరికీ హాయిగానే ఉంది. కానీ ఆమె దాన్ని అక్కడితో వదిలెయ్యలేదు.

"చిన్నోడు ఫోను చేశాడా పిన్నీ?"

ఆ ప్రశ్న అచ్చు కాగితంలో లేదు. అడగమని ఎవరూ ఆమెకు చెప్పలేదు. పిన్ని అట్ట మీద కొలత రాసుకుని, సుద్ద కొంగున ముడివేసుకుంది.

"చేశాడు, నిన్న. ఏదో కొత్త నంబరు."

"ఇది నేను పైకి చెప్పాల్సి ఉంటుంది పిన్నీ. ముందే చెప్తున్నాను."

"చెప్పు. అందుకేగా నీతో అంటున్నాను."

"ఏమన్నాడు?"

"ఏడ్చాడు. ఎక్కడున్నావురా అని అడిగాను. చెప్పకుండా పెట్టేశాడు." పిన్ని టేపును మళ్ళీ ఆమె భుజం మీదికి తెచ్చింది. "మళ్ళీ చేస్తాడు. మళ్ళీ అడుగుతాను. ఏదీ, ఆ రెండో చెయ్యి చూపించు. అందరికీ రెండూ ఒక్కలా ఉండవు."